పోస్టుకార్డు మీద గాలిమోటారు

ప్రపంచంలో మొట్టమొదటి అధికారిక విమాన తపాలా ఒక విద్యార్థుల హాస్టలు నిధి కోసం ఎగిరిందంటే మనలో ఎంతమంది నమ్ముతారు? కానీ ఇది నిజం. పైగా అది జరిగింది మన దేశంలోనే.

1911 ఫిబ్రవరి 18న అలహాబాదులో పెద్ద ప్రదర్శన జరుగుతోంది. వాల్టర్ విండం అనే ఇంగ్లీషు ఆయన ఆ ప్రదర్శనకు విమానాలు తెప్పించాడు. ఆ ఊళ్ళో చదువుకునే భారతీయ విద్యార్థుల కోసం ఆక్స్‌ఫర్డ్ అండ్ కేంబ్రిడ్జ్ హాస్టలు ఉండేది. దానికి డబ్బు కావాలి. హాస్టలు పెద్దలు విండంను సాయం అడిగారు. విమానంలో ఉత్తరాలు పంపిద్దాం, ఒక్కో ఉత్తరానికి ఆరణాలు అదనంగా తీసుకుని ఆ సొమ్ము హాస్టలుకిద్దాం అని ఆయన ఆలోచన చేశాడు. తపాలా శాఖ ఒప్పుకుని ప్రత్యేకంగా ఒక ముద్ర కూడా తయారు చేయించింది. సుమారు 6,500 ఉత్తరాలు, కార్డులు పోగయ్యాయి. హెన్రీ పెకే అనే ఫ్రెంచి పైలట్ ఆ సంచితో యమునా నది దాటి నైనీ అనే చోట దిగాడు. పట్టిన సమయం పదమూడు నిమిషాలు. అప్పటికి పెకే వయసు ఇరవై మూడేళ్ళు.

నా వయసూ ఇరవై మూడే. ఈ సంగతి తెలిసిన రోజున పెకే నాకు చుట్టంలాగా అనిపించాడు. హాస్టలు పిల్లవాడిగా ఆ హాస్టలు కూడా మనదే అనిపించింది. తొలినాటి విమానాల ఫోటో పోస్టుకార్డులు సేకరించే అలవాటు నాకు ఎందుకు పట్టిందో మన సంచిక పాఠకులకు చెప్పాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

"విమానం ఎక్కావా ఎప్పుడైనా?" అని రూమ్మేట్లు అడుగుతుంటారు. ఎక్కలేదు. 2017లో ఆర్.కె. బీచ్‌లో మ్యూజియంగా మార్చిన నేవీ వారి టీయూ-142 లోపలికి టికెట్టు కొని వెళ్ళాను. అది కూడా ఎక్కడమే అంటే ఎక్కినట్టే. ఎక్కని వాడికి విమానాల కార్డులెందుకు? ఈ ప్రశ్నకు నా జవాబే ఈ వ్యాసం.

ఈ కార్డులు ఎలా పుట్టాయి

పోస్టుకార్డు 1869లో ఆస్ట్రియాలో పుట్టింది. మన దేశంలోకి 1879లో వచ్చింది. ధర పావు అణా. పేదవాడు కూడా ఉత్తరం రాయగలిగింది ఆ పావు అణా కార్డు వల్లనే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొడాక్ వంటి కంపెనీలు ఫోటో కాగితాన్నే పోస్టుకార్డు సైజులో, వెనకాల చిరునామా గీతలు కొట్టి అమ్మడం మొదలుపెట్టాయి. దాంతో ఏ ఊరి స్టూడియో ఫోటోగ్రాఫరైనా తీసిన ఫోటోను నేరుగా కార్డుగా చేసి అమ్ముకోగలిగాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే విమానం కూడా వచ్చింది. ఊరికి విమానం వస్తే ఊరంతా కదిలి వచ్చేది. మరునాటికి ఆ ఫోటో కార్డుగా అమ్ముడయ్యేది.

టికెట్టు కొని ఎక్కే విమానాలు తరువాత వచ్చాయి. వేళల ప్రకారం ప్రయాణికుల్ని తీసుకెళ్ళిన మొదటి విమాన సర్వీసు 1914 జనవరి 1న అమెరికాలోని ఫ్లోరిడాలో మొదలైంది. నీటి మీద దిగే చిన్న విమానం. పైలట్ పక్కన ఒక్కరికే చోటు. మామూలు టికెట్టు 5 డాలర్లు, ప్రయాణం 23 నిమిషాలు. మొదటి రోజు సీటును వేలం వేస్తే ఒకాయన 400 డాలర్లకు పాడుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక 1919లో లండన్, పారిస్ మధ్య రోజువారీ సర్వీసు మొదలైంది. అదే సంవత్సరం హాలండు వారి కేఎల్‌ఎం పుట్టింది. 1924లో బ్రిటిష్ వారి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వచ్చింది.

ఈ కంపెనీలకు ఒక చిక్కు ఉండేది. జనానికి విమానం అంటే భయం. ఆ భయం పోగొట్టడానికి కంపెనీలే కార్డులు అచ్చువేయించి ప్రయాణికులకిచ్చాయి. అందుకే ఈ కార్డుల్లో విమానం బయటి బొమ్మతో పాటు లోపలి బొమ్మలు కూడా ఉంటాయి. బరువు తగ్గడానికి వేసిన పేము కుర్చీలు, కిటికీలకు కట్టిన తెరలు, భోజనం వడ్డించే మనిషి, నవ్వుతున్న దొరలూ దొరసానులూ. "చూడండి, మీ ఇంట్లో కూర్చున్నట్టే ఉంటుంది" అని చెప్పడమే ఆ బొమ్మల పని. కాబట్టి పాత విమానం కార్డును చూసేటప్పుడు మొదట గుర్తుంచుకోవలసింది, అది జ్ఞాపకచిహ్నం మాత్రమే కాదు, ప్రకటన కూడా.

మన ఆకాశంలో

1929 మార్చి 30న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్ నుంచి కరాచీకి సర్వీసు మొదలుపెట్టింది. కొంత దూరం విమానం, కొంత దూరం రైలు, మధ్యధరా సముద్రం మీద నీటి విమానం, మళ్ళీ విమానం. మొత్తం ఏడు రోజులు. ఒకవైపు చార్జీ 130 పౌండ్లు. ఆ ఏడాదే మన తపాలా శాఖ విమానం బొమ్మతో ప్రత్యేక విమాన తపాలా బిళ్ళలు విడుదల చేసింది.

కరాచీ వరకు వచ్చిన టపా దక్షిణాదికి ఎలా రావాలి? దాని జవాబే టాటా వారి సర్వీసు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా ఒక చిన్న పుస్ మాత్ విమానంలో కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా తెచ్చారు. అక్కడి నుంచి ఆయన సహచరుడు నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు తీసుకెళ్ళాడు. బళ్ళారి అప్పుడు మన విశాఖలాగే మద్రాసు రాష్ట్రంలో ఒక జిల్లా కేంద్రం, తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న ఊరు. అంటే భారతీయ పౌర విమానయానం పుట్టిన మొదటి ప్రయాణంలోనే మన తెలుగు మాట వినిపించే నేల మీద విమానం దిగిందన్నమాట. యాభై ఏళ్ళ తరువాత 1982లో, డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో టాటా గారు కరాచీ నుంచి బొంబాయికి అదే ప్రయాణాన్ని మళ్ళీ చేసి చూపించారు.

ఇంపీరియల్ కార్డుల్లో తరచుగా కనిపించేది హెచ్‌పీ-42 అనే పెద్ద విమానం. రెండు వరసల రెక్కలు, నాలుగు ఇంజన్లు, గంటకు సుమారు వంద మైళ్ళ వేగం. ఇవి మొత్తం ఎనిమిది తయారయ్యాయి. వాటిలో హానిబాల్ అనేది 1940 మార్చి 1న ఒమన్ సింధుశాఖ దగ్గర సముద్రం మీద ఎనిమిది మందితో మాయమైపోయింది. అందులో ఒకరు మద్రాసు రాష్ట్రంలో మంత్రిగా చేసిన జస్టిస్ పార్టీ నాయకుడు సర్ ఎ.టి. పన్నీర్‌సెల్వం. హానిబాల్ పేరున్న కార్డు చేతిలోకి వచ్చినప్పుడు అందులోని నవ్వు ముఖాలను చూసే చూపు మారిపోతుంది.

మరి మన విశాఖ? మనది ముందు ఓడల ఊరు. మన రేవును 1933 డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభించాడు. సరిగ్గా అదే నెలలో ఇంపీరియల్ విమాన మార్గం కలకత్తా, రంగూను దాటి సింగపూరు వరకు సాగింది. పైన ఆకాశంలో కొద్దిమంది పేము కుర్చీల్లో రంగూను వెళుతుంటే, కింద మన జిల్లాల కూలీలు స్టీమరు డెక్కు మీద చాపలు పరుచుకుని అదే రంగూను వెళ్ళేవారు. ఊరు ఒకటే, దారులు రెండు. విశాఖ జనం కథల్లో విమానం భయంకరంగానే దిగింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన రేవు మీద బాంబులు వేశాయి.

హైదరాబాదు కథ వేరు. నిజాం ప్రభుత్వం టాటా వారితో కలిసి 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించింది. బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిచేవి. 1947లో పైలట్ లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ గారిని, ఆడమనిషి అని ఎన్నో కంపెనీలు కాదన్నాక, కోపైలట్‌గా తీసుకున్నది ఈ హైదరాబాదు కంపెనీయే. వాణిజ్య విమానం నడిపిన మొదటి భారతీయ మహిళ ఆమె. చెల్లెళ్ళు ఈ పేరు గుర్తుంచుకోవాలి. 1953లో విమాన కంపెనీలను జాతీయం చేసినప్పుడు డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 2008లో శంషాబాదు మొదలయ్యాక బేగంపేటలో మామూలు ప్రయాణికుల సర్వీసులు ఆగిపోయాయి. కాబట్టి డెక్కన్ ఎయిర్‌వేస్ పేరున్న టికెట్టు గానీ, టైంటేబిల్ గానీ, సామానుకు కట్టిన చీటీ గానీ, కార్డు గానీ మీ ఊళ్ళో ఎవరింట్లోనైనా ఉంటే అది చిత్తు కాగితం కాదు, చరిత్ర.

అసలుదా, నకలా?

పాత కార్డు అని చెప్పి కొత్త జిరాక్సు అంటగట్టేవాళ్ళు ఉంటారు. కొనే ముందు ఈ పరీక్షలు చేయండి.

ఒకటి, భూతద్దం. వంద రూపాయల లోపు భూతద్దం చాలు. అచ్చు యంత్రం మీద వేసిన కార్డయితే న్యూస్‌పేపరు ఫోటోలాగా చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి. అసలు ఫోటో కాగితం మీద తీసినదయితే చుక్కలుండవు, నలుపు నుంచి తెలుపుకు మెత్తగా మారుతుంది. అచ్చు కార్డు అంటే నకిలీ అని కాదు, పాతరోజుల్లో రెండు రకాలూ ఉండేవి. అయితే "ఒరిజినల్ ఫోటో" అని చెప్పి చుక్కల కార్డు అమ్మితే మాత్రం ఒప్పుకోకూడదు.

రెండు, వెండి మెరుపు. పాత ఫోటో కార్డును పక్కకు వంచి వెలుతురులో చూస్తే నల్లటి భాగాల్లో, అంచుల్లో అద్దంలాంటి మెరుపు కనిపిస్తుంటుంది. ఫోటోలోని వెండి ఏళ్ళ తరబడి పైకి తేలడం వల్ల అలా వస్తుంది. ప్రింటరు మీద తీసిన నకలుకు అది రాదు.

మూడు, నీలం వెలుగు. నోట్లు పరీక్షించే అల్ట్రావయొలెట్ దీపం కింద పెట్టండి. కాగితం తళతళ నీలంగా మెరిస్తే అందులో తెల్లదనం కోసం కలిపిన రసాయనం ఉన్నట్టు. ఆ రసాయనం కాగితాల్లోకి వచ్చింది సుమారు 1950 తరువాతనే. కాబట్టి 1930 నాటి కార్డు అలా మెరిస్తే అనుమానించాలి.

నాలుగు, కొలత. పాత కార్డులు ఎక్కువగా తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పు, పద్నాలుగు సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. తరువాత వచ్చినవి కొంచెం పెద్దవి.

ఐదు, విమానం మీది అక్షరాలు. ప్రతి విమానానికి బండి నంబరు లాంటిది ఉంటుంది. బ్రిటిష్ విమానాలకు మొదటి అక్షరం జి. మన దేశపు విమానాలకు 1920ల చివరి నుంచి నేటి వరకు వీటీ. టాటా గారి పుస్ మాత్ నంబరు వీటీ-ఏడీఎన్. వీటీ అని రాసి ఉన్న విమానం బొమ్మను 1915 నాటిదని అమ్మితే, అబద్ధం అక్కడే దొరికిపోతుంది.

వెనక్కి తిప్పి చదవాలి

సేకరించేవాళ్ళలో చాలామంది బొమ్మ చూసి ఆగిపోతారు. కార్డుకు రెండో వైపే ప్రాణం. బిళ్ళ మీద ఐదో జార్జి ఉంటే 1936కు ముందుదో ఆ చుట్టుపక్కలదో, ఆరో జార్జి ఉంటే 1937 తరువాతదో అని అంచనా వేయవచ్చు. తపాలా ముద్రలో ఊరు, తేదీ ఉంటాయి. ఫోటో కాగితం కంపెనీ పేరు బిళ్ళ అంటించే గడిలో ఉంటుంది. ఇక రాసిన మాటలు. ఎవరు, ఎవరికి, ఏ తొందరలో రాశారో ఆ నాలుగు ముక్కల్లో తెలుస్తుంది. నా దగ్గరున్న ఒక కార్డు వెనక క్షేమంగా దిగామని, చెవులు హోరెత్తుతున్నాయని ఇంగ్లీషులో రెండు ముక్కలున్నాయి. కంపెనీ ప్రకటనలో చెప్పని చెవి హోరు ప్రయాణికుడి చేతిరాతలో ఉంది. చరిత్ర చదివే మాకు పాఠాల్లో చెప్పే మాటే ఇది. ఒక ఆధారాన్ని ఇంకో ఆధారంతో పోల్చాలి. ఇక్కడ ఆ రెండూ ఒకే కార్డు మీద ఉన్నాయి, ముందొకటి, వెనకొకటి.

అంచుల్లో నిలబడ్డవాళ్ళు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ కార్డుల మధ్యలో విమానం ఉంటుంది. పక్కన పైలట్ ఉంటాడు, అతని పేరు కింద అచ్చయి ఉంటుంది. ప్రయాణికులుంటారు, ఒక్కోసారి వాళ్ళ పేర్లూ ఉంటాయి. ఫోటో అంచుకు వెళ్ళి చూడండి. తలపాగా కట్టుకుని పెట్రోలు డబ్బా మోస్తున్న మనిషి ఉంటాడు. రెక్క కింద భుజం పెట్టి విమానాన్ని తోస్తున్న నలుగురు ఉంటారు. మెట్ల కింద పెట్టెలు ఎత్తుతున్నవాడు సగం కోసేసి ఉంటాడు. వాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు.

1932 నాటి టాటా ప్రయాణంలో అహ్మదాబాదులో విమానానికి పెట్రోలు డబ్బాలు వచ్చింది ఎద్దుబండి మీద. ఈ ముచ్చట పుస్తకాల్లో రాస్తూనే ఉంటారు. విమానం నంబరు తెలుసు, పైలట్ పేరు తెలుసు, పెట్రోలు కంపెనీ పేరు తెలుసు. బండి తోలిన మనిషి పేరు మాత్రం ఆ ముచ్చట్లో రాదు. ఆ బండి రాకపోతే విమానం బొంబాయి చేరేదా?

మా నాన్న పోర్టులో కళాసీ. మా తాత కూడా ఆ రేవు పనిలోనే పోయాడు. తాతకు ఒక్క ఫోటో లేదు. ఆయన ఎలా ఉండేవాడో అడిగితే నాయనమ్మ మా చిన్నాన్న చెవులు చూపించి "ఇట్టాగే" అంటుంది. మా ఇంట్లో డిగ్రీ చదివినవాడిని నేనే మొదటివాడిని. అందువల్ల కార్డు చేతికి రాగానే నా కళ్ళు మధ్యలో ఆగవు, అంచుకు పోతాయి. డబ్బా మోస్తున్న ఆ మనిషి మా తాత కాకపోవచ్చు. కానీ మా తాతలాంటివాడే. మనలాంటి ఇళ్ళవాళ్ళు పాత ఫోటోల్లో దొరికేది అంచుల్లోనే. చూసేవాడు లేకపోతే అక్కడ కూడా దొరకరు. విమానం ఎక్కని వాడికి ఈ కార్డులెందుకు అన్న ప్రశ్నకు ఇదే నా జవాబు. ఎక్కినవాళ్ళ కథ రాయడానికి చాలామంది ఉన్నారు. తోసినవాళ్ళను గుర్తుపట్టే కళ్ళు మన దగ్గర ఉన్నాయి.

ఎలా మొదలుపెట్టాలి

దీనికి డబ్బున్నవాళ్ళే కావాలని లేదు. పెకే మోసిన అలహాబాదు కార్డు మనకు అందదు, దానికోసం వేలంపాటలు జరుగుతాయి. కానీ 1950, 60ల నాటి విమాన కంపెనీల కార్డులు హైదరాబాదు అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ సంతలో, మన వన్‌టౌన్ పాత సామాన్ల షాపుల్లో పాత పుస్తకాల మధ్య ఒక్కోసారి దొరుకుతాయి. సినిమా టికెట్టు డబ్బుల్లో వచ్చేవీ ఉంటాయి. ఒకే విషయం పెట్టుకోండి. ఒక విమానం, ఒక ఊరు, లేదా ఒక మార్గం. పది కార్డులున్నా ఒక కథ చెప్పాలి.

మనది సముద్రపు గాలి ఊరు. తేమకు ఫోటోలు బూజు పడతాయి, ఒకదానికొకటి అంటుకుంటాయి. లామినేషన్ చేయించవద్దు. సెల్లోటేపు, ఫెవికాల్ దగ్గరకు రానివ్వవద్దు. కార్డుకొక తెల్ల కాగితం కవరు వేసి అట్టపెట్టెలో నిలువుగా పెట్టండి. కొత్త బూట్ల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. ట్రంకు పెట్టెలో దాచినా నెలకొకసారి నీడలో గాలి తగలనివ్వండి. ఏదైనా రాయాలంటే వెనకవైపు పెన్సిలుతో మెల్లగా రాయాలి, పెన్నుతో కాదు.

ఆరు నుంచి తొమ్మిదో తరగతి చదివే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక ముఖ్య విషయం. తపాలా బిళ్ళల సేకరణ మీద ఆసక్తి ఉన్న విద్యార్థుల కోసం తపాలా శాఖ 2017లో దీన్‌దయాళ్ స్పర్శ్ యోజన అనే స్కాలర్‌షిప్ ప్రారంభించింది. ఎంపికైనవారికి ఏడాదికి 6,000 రూపాయలు. మంచి మార్కులతో పాటు ఫిలాటెలీ క్లబ్బులో గానీ, సొంత ఫిలాటెలీ ఖాతా గానీ ఉండాలి. పరీక్ష, ప్రాజెక్టు ఉంటాయి. ఈ ఏడాది దరఖాస్తు వివరాలు పెద్ద పోస్టాఫీసులోని ఫిలాటెలీ కౌంటర్లో అడగండి. విమాన తపాలా చాలా మంచి ప్రాజెక్టు అవుతుంది.

మన హాస్టలు కార్డులు

చివరగా ఒక మనవి. మన హాస్టల్లో వార్షికోత్సవాలకు తీసిన గ్రూపు ఫోటోలున్నాయి. కొన్ని ఆఫీసు గోడ మీద, ఎక్కువ భాగం పాత విద్యార్థుల ఇళ్ళల్లో. కుర్చీల్లో కూర్చున్న అతిథుల పేర్లు కింద అచ్చయి ఉన్నాయి. వెనక వరసల్లో నిలబడ్డ మన పేర్లు లేవు. ఒక చివర నిలబడ్డ వంట మనిషి, కామాటి, వాచ్‌మన్‌ల పేర్లు అసలే లేవు. మన కడుపు నింపినవాళ్ళను మనమే అంచుల్లో వదిలేస్తే, రేపు ఎవరు గుర్తుపడతారు?

ఈ ఉత్సవానికి వచ్చే అన్నలు, అక్కలు తలా ఒక పాత ఫోటో తీసుకురండి. స్కాన్ చేసి తిరిగి ఇచ్చేస్తాం. స్టడీ అవర్లో తమ్ముళ్ళు పెన్సిళ్ళతో సిద్ధంగా ఉంటారు. మీరు ఒక్కొక్క ముఖం చూపించి పేరు, ఊరు, సంవత్సరం చెప్పండి. వంటగది నుంచి మొదలుపెట్టి చెప్పండి.